గోనెగుడ్డలో గీతం: జోవియెట్ ఫ్రాన్స్ ధ్వనిరచన

ఇంగ్లండు ఈశాన్యంలో బొగ్గు వ్యాపారానికీ ఓడల నిర్మాణానికీ పేరుపడ్డ న్యూకాసిల్ నగరంలో 1980లో ఏర్పడిన జోవియెట్ ఫ్రాన్స్ బృందం, వాయించేదెవరో చాటుకోకుండానే దశాబ్దాలపాటు సంగీతం వెలువరించింది. డార్క్ యాంబియంట్ అనే శాఖకు బాట వేసినవారిలో ఈ బృందాన్ని లెక్కించడం పరిపాటి. శ్రద్ధగా విన్నా, పట్టించుకోకపోయినా ఒకేలా పరిసరాలను ఆవరించి ఉండే ధ్వనిని బ్రయన్ ఈనో 1978లో విమానాశ్రయాల కోసమంటూ చేసిన ఆల్బంతో యాంబియంట్ అని వ్యవహరించాడు. ఆ నిదానాన్ని నిలుపుకొని, ప్రశాంతతకు బదులు శంకనూ భయాన్నీ నింపినదే డార్క్ యాంబియంట్.

జోవియెట్ ఫ్రాన్స్ తొలినాళ్ల పనితనానికి టేపే ఆధారం. ధ్వని ముద్రించిన టేపు ముక్కను కత్తిరించి రెండు కొసలూ అతికిస్తే, అది యంత్రంలో ఆగకుండా తిరుగుతూ అదే ధ్వనిని మళ్లీ మళ్లీ వినిపిస్తుంది; దీన్ని టేప్ లూప్ అంటారు. వేర్వేరు పొడవుల లూపులను ఒకేసారి నడిపితే అవి ప్రతి ఆవృత్తిలోనూ కొత్త చోట కలుసుకుంటాయి గనుక, మార్పులేని ముక్కల నుంచే మార్పు పుడుతుంది. టేపు వేగాన్ని సగానికి తగ్గిస్తే స్వరం ఒక స్థాయి కిందికి దిగి, దాన్ని పలికిన వాద్యమేదో పోల్చుకోవడం కష్టమవుతుంది. దానికి ప్రతిధ్వనిని జోడిస్తే ఆ ధ్వని మొదలెక్కడో కూడా తెలియదు. వీటన్నిటి అడుగున డ్రోన్, అంటే ఎడతెగక సాగే ఒకే స్వరం, ఉంటుంది. కర్ణాటక కచేరీలో తంబురా శ్రుతి గాయకుడికి ఆధారం మాత్రమే కాగా, ఇక్కడ గాయకుడు తప్పుకొని శ్రుతే కచేరీ అవుతుంది.

ఈ పద్ధతిని గమనిస్తే అజ్ఞాతం ప్రచారపు ఎత్తుగడ కాదని, రచనావిధానంలోనే భాగమని తోస్తుంది. వాద్యమే గుర్తు తెలియకుండా కరిగిపోయిన చోట వాద్యకారుడి పేరుకు చేయగల పని అంతగా ఉండదు. ముఖచిత్రాలకు బదులు బృందం తొడుగుల మీద శ్రమపెట్టింది: 1982 నాటి తొలి ఎల్పీ గోనెగుడ్డలో, మరుసటి ఏడు ‘నోర్ష్’ అల్యూమినియం రేకులో వచ్చాయి. పేరు చూసి కొనే అలవాటున్న శ్రోతకు ముందుగా చేతికి తగిలేది గరుకుదనమే.

అయితే అజ్ఞాతం పూర్తిగా నిలవలేదు. బృందాన్ని వీడి 1990ల నుంచి రపూన్ పేరుతో పనిచేసిన రాబిన్ స్టోరీ రచనల్లో తాళవాద్యాల లూపులు స్పష్టంగా వినిపిస్తాయి. అవి విన్నవారు పాత రికార్డుల్లో ఆయన చేయిని వెతకడం సహజమే గాని, పొరల మీద పొరలు వేసిన ఆ ధ్వనిలో ఏది ఎవరిదో తేల్చడం దాదాపు అసాధ్యం. పాత రికార్డులు సీడీలుగా వెలువడినప్పుడు గోనె, రేకు పోయి ధ్వని ఒక్కటే మిగిలింది. ఆ పరీక్షలో తొలి రచనలు కొన్ని సాగదీసినట్టు అనిపించినా, 1988 నాటి ‘షౌటింగ్ ఎట్ ది గ్రౌండ్’కు తొడుగు సాయం అవసరం లేదు.