ఐదో షెడ్యూలు: రెండు తీర్పులు, రెండు చదువులు

తీర్పుల్ని విమర్శించే అలవాటు మనకు తక్కువ. కథనూ కవిత్వాన్నీ కులదృష్టితో చదవడం నేర్చుకున్న మనం, బతుకుల్ని శాసించే ఈ వచనాన్ని మాత్రం వకీళ్ళకే వదిలేశాం. చేబ్రోలు లీలాప్రసాదరావు కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2020 ఏప్రిల్ 22న ఇచ్చిన తీర్పును అట్లా వదిలేయడానికి వీల్లేదు.

ఆ తీర్పు కొట్టేసింది దేన్ని? షెడ్యూల్డ్ ప్రాంతాల బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇవ్వాలన్న 2000 జనవరి నాటి 3వ నంబరు జీవోను. అంతకుముందు 1986లో 275 జీవో ఉంది. వీటి వెనకున్న సంగతి ఏజెన్సీలో అందరికీ తెలిసిందే. మైదానం నుంచి పోస్టింగు పడ్డ పంతులు కొండెక్కడు. ఎక్కినా కోయ, గోండి, సవర, కువి మాట్లాడే పిల్లల మాట అతనికి అందదు. బడి ఉంటుంది, జీతం ఉంటుంది, చదువే ఉండదు.

కోర్టు వాదన ఇదీ. 5(1) పేరా కింద గవర్నరు పార్లమెంటు, శాసనసభల చట్టాలను ఆపగలడు, మార్చగలడు. ప్రాథమిక హక్కుల్ని దాటిపోలేడు. 309 అధికరణం కింద వచ్చిన నియామక నిబంధనలు ఆ చట్టాల్లోకి రావు. నూటికి నూరు ఇవ్వడమంటే 1992లో ఇంద్రా సహానీ కేసు గీసిన 50 శాతం గీతను దాటడమే. జరిగిపోయిన నియామకాలను షరతు మీద ఉండనిచ్చి, రెండు రాష్ట్రాలకూ కలిపి 5 లక్షల ఖర్చులు విధించింది.

ఇంతవరకూ చట్టం భాష. లోపలికి వెళితే మరో భాష వినిపిస్తుంది. గిరిజనులకు గిరిజనులే పాఠం చెప్పాలనడం రోత పుట్టించే ఆలోచనట! ఒకచోట వాళ్ళది మామూలు చట్టాలకు ఇమడని ఆదిమ జీవితం అంటుంది. మరోచోట వాళ్ళలో బాగుపడినవాళ్ళు ఉన్నారు, జాబితాలు సవరించాలి అంటుంది. వెనకబడి ఉంటే అనాగరికులు, నాలుగు అక్షరాలు నేర్చుకుంటే అనర్హులు. ఈ తూకం మనకు కొత్తదా?

ఇదే షెడ్యూలును ఇదే కోర్టు వేరేగా చదివిన రోజులున్నాయి. భూమిని గిరిజనేతరుల చేతికి పోనివ్వని 1/70 చట్టం సమానత్వానికి విరుద్ధం కాదని 1988లో పి. రామిరెడ్డి కేసులో చెప్పింది. 1997 జూలై 11న సమత తీర్పులో మెజారిటీ ఇంకా ముందుకెళ్ళింది. 'వ్యక్తి' అన్న మాటలోకి ప్రభుత్వం కూడా వస్తుందనీ, షెడ్యూల్డ్ ప్రాంతంలో సర్కారు భూమిని ప్రైవేటు గనుల కంపెనీలకు లీజుకివ్వడం చెల్లదనీ తేల్చింది. అక్కడ ఐదో షెడ్యూలు రిజర్వేషన్ల పట్టిక కాదు, ఒక ప్రాంతాన్ని వేరుగా పాలిస్తామని రాజ్యాంగం ఇచ్చిన మాట. 2020 తీర్పు ఆ మాటను ఉద్యోగాల శాతం లెక్కలోకి కుదించింది. అసలు తప్పు అక్కడుంది. భూమి కాపాడాలి, ఆ భూమి మీది బడి మాత్రం అందరిదీ అంటే ఎట్లా కుదురుతుంది?

ఆ 50 శాతం గీత అయినా కదలనిదా? 2022 నవంబరులో అగ్రవర్ణ పేదల 10 శాతం కేసులో ఆ గీత బిగదీసిన ముడి కాదని మెజారిటీ చెప్పింది. కొండమీద కదలని గీత రెండున్నరేళ్ళకే ఢిల్లీలో కదిలింది.

తీర్పులో కొట్టిపారేయలేని మాటలు లేకపోలేదు. 1950 జనవరి 26 నుంచీ అక్కడే ఉన్నామని చూపాలన్న షరతు గిరిజనుల్లోనే కొందర్ని బయటపెట్టింది. ఎస్సీ, బీసీల అవకాశం పోయిందన్న ప్రస్తావనా ఉంది. ఏజెన్సీలో తరాలుగా ఉంటున్న దళితుల ఇబ్బంది అబద్ధం కాదు. దాన్ని ఆదివాసులతో కూచుని తేల్చుకోవాల్సింది మనం. ఆదివాసీ హక్కును కొట్టడానికి మన పేరు కర్రగా వాడుకుంటే ఊరుకోవడం దళిత ఉద్యమానికి తగదు.

ప్రభుత్వాల సంగతీ చెప్పుకోవాలి. 5(2) పేరా ఆయా ప్రాంతాల శాంతికీ, సుపరిపాలనకూ రెగ్యులేషన్ చేసే అధికారం గవర్నరుకిచ్చింది. భూమి దానిలో ఒక అంశమే. గిరిజన సలహా మండలిని సంప్రదించి, రాష్ట్రపతి ఆమోదం తీసుకుని చేసే ఆ పని ఎక్కువ గట్టిది. 1/70 నిలబడింది ఆ పునాది మీదే. ఉద్యోగాల దగ్గరికొచ్చేసరికి తేలికదారి పట్టి నోటిఫికేషన్‌తో సరిపెట్టారు. అందుకే 'జీవో 3 తిరిగి ఇవ్వండి' అన్న డిమాండుతో ఆగకూడదు. స్థానిక నియామకాలకు 5(2) కింద రెగ్యులేషన్ కావాలి, 1950 షరతు తీసేసి మరీ. అడగాల్సింది జీవో కాదు, చట్టం.