డీపీ తగ్గిన రోజు

దసరా ఇంకా వారం ఉందనగా, పొద్దున పదకొండింటికి కాగితం షాపు పెద్దాయన ఫోన్ చేశారు. పాతికేళ్లుగా మా ప్రెస్సుకు కాగితం ఇస్తున్న మనిషి. పిల్లల చదువులడిగారు, మా అమ్మ మోకాళ్ల నొప్పులడిగారు. చివరికి గొంతు తగ్గించి, "నీ చెక్కు తిరిగొచ్చిందయ్యా. బ్యాంకులో ఏదో పొరపాటు జరిగి ఉంటుంది, ఓసారి కనుక్కో" అన్నారు.

ఆ చెక్కు రూ. 3.20 లక్షలది. మా ఓడీ, అంటే ఓవర్‌డ్రాఫ్ట్, లిమిట్ 20 లక్షలు. అప్పటికి వాడుకున్నది 15 లక్షలే. ఇంకా 5 లక్షలుందన్న ధైర్యంతో రాశాను. బ్యాంకుకు పరుగెత్తితే చేతిలో రిటర్న్ మెమో పెట్టారు. కారణం అన్నచోట 'ఎక్సీడ్స్ అరేంజ్‌మెంట్' అని ఉంది. అంటే మాకూ బ్యాంకుకూ ఉన్న ఏర్పాటును దాటి చెక్కు రాశామని.

"మా లిమిట్ ఎవరు తగ్గించారు మేడమ్?" అని గట్టిగానే అడిగాను. మేనేజరు గారు కంప్యూటర్ తెర నావైపు తిప్పారు. "లిమిట్ తగ్గలేదు సార్. మీ డీపీ తగ్గింది" అన్నారు.

విజయవాడలో ముప్పయ్యేళ్లుగా ప్రెస్సు నడుపుతున్నాను. ఆ రెండు మాటల మధ్య తేడా ఎంతటిదో ఆ రోజు తెలిసింది. ఈ వారం ఆ సంగతే రాస్తున్నాను. మన ఊళ్లలో ఓడీ మీదో, క్యాష్ క్రెడిట్ మీదో బతుకుతున్న కిరాణా హోల్‌సేల్ వ్యాపారికీ, రైస్ మిల్లుకూ, బట్టల కొట్టుకూ ఇది ఎప్పుడైనా ఎదురయ్యేదే.

లిమిట్ అంటే బ్యాంకు ఏడాదికోసారి మంజూరు చేసే పైహద్దు. చిన్న పరిశ్రమలకు దాన్ని లెక్కగట్టే పద్ధతి 1990ల మొదట్లో నాయక్ కమిటీ చెప్పిన దారిలోనే ఎక్కువగా నడుస్తోంది. ఏడాది అమ్మకాలు ఎంత ఉంటాయో అంచనా వేసి, అందులో 20 శాతం నిర్వహణ పెట్టుబడిగా ఇస్తారు. మా అమ్మకాలు కోటి రూపాయలు, అందుకే 20 లక్షలు. డీపీ, అంటే డ్రాయింగ్ పవర్, అలా కాదు. అది నెలనెలా మారుతుంది. మన దగ్గరున్న సరుకూ, మనకు రావలసిన బాకీలూ చూసి, ఈ నెల ఇంతవరకే తీసుకోవచ్చని బ్యాంకు గీసే గీత. లిమిట్, డీపీ రెండింటిలో ఏది తక్కువైతే అదే మన అసలు హద్దు.

మేనేజరు గారు మా సెప్టెంబరు స్టాక్ స్టేట్‌మెంట్ ముందు పెట్టి లెక్క చెప్పారు. గోడౌన్‌లో కాగితం 14 లక్షలది. అందులో 4 లక్షలది అరువుకు తెచ్చింది, డబ్బు కట్టలేదు. దాన్ని తీసేస్తే 10 లక్షలు. మార్జిన్ పేరుతో బ్యాంకు మినహాయించే 25 శాతం పోతే ఏడున్నర లక్షలు. రావలసిన బాకీలు 18 లక్షలు. అందులో 10 లక్షలు జూన్‌లో స్కూళ్లకు నోటుపుస్తకాలు వేసిచ్చిన బిల్లులు. సెప్టెంబరు ఆఖరుకు వాటికి 90 రోజులు దాటిపోయాయి. అలా దాటిన బాకీని మా బ్యాంకు లెక్కలోకి తీసుకోదు. మిగిలిన 8 లక్షల్లో 40 శాతం మార్జిన్ పోతే 4.80 లక్షలు. వెరసి డీపీ 12.30 లక్షలు. ఖాతాలో వాడకం 15 లక్షలు. అంటే చెక్కు బ్యాంకుకు చేరేనాటికే మేము గీత దాటి 2.70 లక్షలు బయట ఉన్నాం.

అంతకుముందు నెలల్లో బాకీలన్నీ కలిపి ఒకే అంకె రాసిచ్చేవాళ్లం. శాఖలో అలాగే ఎక్కించుకునేవాళ్లు. ఆ నెల బిల్లువారీగా తేదీలతో పట్టిక అడిగారు. మావాళ్లు ఉన్నదున్నట్టు ఇచ్చారు. పాత పద్ధతిలో ఒకే అంకె వేసి ఉంటే డీపీ 18.30 లక్షలు వచ్చేది, ఆ చెక్కు పాసయ్యేది. ఆ మాట మా గుమాస్తా బాధగా అన్నాడు. కానీ అది పాసవ్వడం మాకు మేలేమీ కాదు. ఆ 10 లక్షలు నాలుగు నెలలుగా మా చేతికి రాలేదన్న నిజం మరో నెల దాగి ఉండేది, అంతే.

మా నాన్న చిట్టా, ఆవర్జా చేత్తో రాసేవారు. బాకీల పేజీల్లో ప్రతి పేరు పక్కనా ఎర్రసిరాతో పండగ పేరు ఉండేది. ఉగాది బాకీ, దసరా బాకీ, సంక్రాంతి బాకీ. ఒక పండగ దాటి రెండో పండగ వచ్చిందంటే ఆ ఇంటి గుమ్మం ఎక్కేవారు. 'ఏట్లో వేసినా ఎంచి వెయ్యాలి' అని ఆయన ఊతపదం. కంప్యూటర్ వచ్చాక నేను మొత్తం అంకె చూసి తృప్తిపడడం నేర్చుకున్నాను. ఏ బాకీ ఎన్నాళ్లదో టాలీలో ఒక్క మీట నొక్కితే వస్తుంది. నేను నొక్కలేదు. ఆ తప్పు నాదే.

అలాగని బ్యాంకు తప్పు లేదనను. డీపీ తగ్గిన సంగతి శాఖకు ముందే తెలుసు. ఒక్క ఫోన్ చేసి ఉంటే ఆ చెక్కు రాసేవాణ్ణి కాదు. "చెప్పాల్సింది సార్, నిజమే" అని మేనేజరు గారు ఒప్పుకున్నారు. చెక్కు తిరిగి రావడం చిన్న విషయం కాదు. డబ్బు చాలకపోయినా, ఏర్పాటుకు మించి రాసినా, రెండూ నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ కిందికే వస్తాయి. చెక్కు తీసుకున్నవాళ్లు 30 రోజుల్లో నోటీసు ఇవ్వొచ్చు. అది అందాక 15 రోజుల్లో కట్టకపోతే కేసు. మా పెద్దాయన నోటీసు ఇచ్చే మనిషి కాదు. అందుకే నాకు మరీ సిగ్గనిపించింది. ఆ సాయంత్రమే ఇంటి కోసం దాచుకున్న ఫిక్స్‌డ్ డిపాజిట్ రద్దు చేసి, ఆ డబ్బు ఆయన ఖాతాకు పంపి, స్వయంగా వెళ్లి కలిశాను.

తర్వాత స్కూళ్ల చుట్టూ తిరిగాను. మూడు వారాల్లో 6 లక్షలు వచ్చాయి. వచ్చింది వచ్చినట్టే ఓడీలో వేశాను. డైరీలు, క్యాలెండర్ల ఆర్డర్లు జతచేసి, సీజన్ వరకు తాత్కాలికంగా అడ్‌హాక్ లిమిట్ ఇమ్మని లేఖ రాశాను. ఖాతా గీత లోపలికి వచ్చాకే ఆ లేఖ కదిలింది. ఈ తొందరకు కారణం ఉంది. ఓడీ ఖాతా హద్దు దాటి వరసగా 90 రోజులు ఉంటే ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ, అవుతుంది. మూడు నెలలు దాటిన పాత స్టాక్ స్టేట్‌మెంట్ మీద నడిచే ఖాతానూ సక్రమమైనదిగా చూడరు. ఒకసారి ఎన్‌పీఏ ముద్ర పడితే, తిరిగి మామూలు ఖాతా కావాలంటే బకాయి మొత్తం కట్టాల్సిందేనని రిజర్వ్ బ్యాంకు 2021 నవంబరులో స్పష్టం చేసింది.

డీపీ కాక లిమిట్‌నే కోసేసిన సందర్భమూ చూశాను. మా పక్క వీధిలో అట్టపెట్టెలు చేసే మిత్రుడికి రెన్యువల్ అప్పుడు 30 లక్షలను 20 చేశారు. కారణం నోటిమాటగా చెప్పారు. ఆయన కోపంతో లావాదేవీలు వేరే ఖాతాకు మార్చబోయాడు. నేను వద్దన్నాను. ఓడీలో జమలు ఆగిపోతే ఖాతా ఇంకా చెడుతుంది. కారణం రాతపూర్వకంగా అడగమన్నాను. జీఎస్టీ రిటర్నుల్లో అమ్మకాలు తగ్గినట్టు ఉన్నాయని జవాబొచ్చింది. రెండు నెలల రిటర్నులు వాళ్లు చూడనే లేదని తేలింది. అవి ఇచ్చాక 26 లక్షలకు ఒప్పుకున్నారు, దిగిరావడానికి ఆరు నెలల గడువిచ్చారు.

అప్పు షరతులు మారిస్తే ముందుగా తెలియజేయాలని రిజర్వ్ బ్యాంకు 2003 నాటి ఫెయిర్ ప్రాక్టీసెస్ కోడ్‌లోనే బ్యాంకులకు చెప్పింది. ఫిర్యాదు రాసిచ్చి 30 రోజులైనా జవాబు రాకపోతే అంబుడ్స్‌మన్‌కు రాయొచ్చు, రుసుము లేదు. ఇబ్బందిలో పడ్డ చిన్న పరిశ్రమల ఖాతాలను ఎన్‌పీఏ కాకముందే కమిటీ ముందు పెట్టి దారి చూడాలని 2016లో నిబంధనలూ వచ్చాయి. ఇవన్నీ కాగితం ఉన్నవాడికే పనికొస్తాయి. నోటిమాటతో పోయిన లిమిట్ నోటిమాటతో తిరిగి రాదు.

ఇప్పుడు మా ప్రెస్సులో ప్రతి నెలా 5వ తేదీన బాకీల పట్టిక తీస్తాం. 60 రోజులు దాటిన పేరుకు ఎర్రగీత, ఆ వారమే ఫోన్. 10వ తేదీలోపు స్టేట్‌మెంట్ ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకుంటాం. డీపీ ఎంత వేశారో అడిగి చెక్కుపుస్తకం అట్ట మీద రాసుకుంటాం. అందులో ఆరో వంతు ఎప్పుడూ ముట్టుకోం. మిషన్ కొనడానికీ, ఇంటి ఖర్చుకూ ఓడీ వాడం. నెలల్లో తిరిగి రావలసిన డబ్బును ఏళ్లతరబడి ఇరుక్కునే చోట పెడితే, లిమిట్ తగ్గినప్పుడు తీసి కట్టే దారి ఉండదు.

బ్యాంకు అధికారులకు ఒక మనవి. డీపీ తగ్గినా, లిమిట్ తగ్గినా, చెక్కు వెనక్కి పంపేముందు ఆ ఖాతాదారుకు ఒక్క ఫోన్ చేయండి. మీకు అది రెండు నిమిషాల పని. అవతల పాతికేళ్ల నమ్మకం నిలబడుతుంది. వ్యాపారం చేసేవాళ్లకూ ఒక మాట. రేపు పొద్దున్నే మీ బ్యాంకుకు వెళ్లి, లిమిట్ ఎంత అని కాదు, ఈ నెల డీపీ ఎంత అని అడగండి. ఆ అంకె తెలియకుండా చెక్కు మీద సంతకం పెట్టకండి.