తలుపు కొన్న సర్జన్

గుర్రం మీంచి పడ్డ మనిషి మొట్టమొదట లేవబోతాడు. చుట్టూ చేరినవాళ్ళు కూడా లేవదీయబోతారు. ఒకరు చంకల కింద చేతులు వేస్తారు, ఇంకొకరు కాళ్ళు పట్టుకుంటారు, మరొకరు బండి కోసం పరుగెత్తుతారు. 1756 జనవరి మధ్యలో లండన్ దక్షిణ భాగాన, సదర్క్‌లోని కెంట్ వీధిలో, గుర్రం విసిరేసిన ఒక నలభై రెండేళ్ళ మనిషి ఇవేవీ జరగనివ్వలేదు. కాలి ఎముక విరిగి, చర్మాన్ని చీల్చుకుని బయటికి పొడుచుకు వచ్చింది. అంత బాధలోనూ ఆయన తనను ఎవరూ కదిలించవద్దన్నాడు. ఏం కావాలో, ఏ వరసలో కావాలో చెప్పడం మొదలుపెట్టాడు.

ఆయన పేరు పెర్సివల్ పాట్. సెయింట్ బార్తలోమ్యూ ఆసుపత్రిలో సర్జన్. వెన్నెముకకు వచ్చే క్షయను పాట్స్ వ్యాధి అని, చీలమండ దగ్గర విరిగే ఒక రకం ఎముక విరుపును పాట్స్ ఫ్రాక్చర్ అని మన వైద్య విద్యార్థులు ఇప్పటికీ చదువుకుంటున్నారు. పొగగొట్టాలు తుడిచే పనివాళ్ళకు మసి వల్ల క్యాన్సర్ వస్తోందని 1775లో రాసి, వృత్తికీ క్యాన్సర్‌కీ ఉన్న సంబంధాన్ని మొదట చూపించిందీ ఆయనే. ఆ ఘనతలన్నిటి గురించీ ఇతరులు రాశారు. నాకు మాత్రం ఆయన తన కాలు తాను దక్కించుకున్న తీరు, ఆ తర్వాత పన్నెండేళ్ళకు విరిగిన ఎముకల మీద రాసిన చిన్న పుస్తకం మరీ ఇష్టం. రెండింటిలోనూ కనిపించేది ఒకే పనితనం. విరిగిన కాలును కదలకుండా ఉంచడం దానంతట అది జరిగేది కాదని, దాన్ని బుద్ధితో, చేత్తో, సామాను కూర్చి తయారు చెయ్యాలని ఆయనకు తెలిసినంతగా ఆ కాలంలో ఎవరికీ తెలిసినట్టు కనబడదు.

జరిగిందంతా రాసిపెట్టింది ఆయన అల్లుడు జేమ్స్ ఎర్ల్. ఈయనా సర్జనే. మామగారు 1788 డిసెంబరులో పోయాక, ఆయన రచనల సంపుటికి ముందుమాటగా 1790లో జీవిత చరిత్ర రాశాడు. ప్రమాదం నాటికి ఎర్ల్ పసివాడు. కాబట్టి ఇది ఇంట్లో విన్న కథ. అయినా రాసినవాడు సర్జన్ కావడం వల్ల, వినేవాడికి ఏది ముఖ్యమో తెలిసి రాసిన కథ.

కుర్చీ పల్లకీలు లండన్ వీధుల్లో బాడుగకు తిరిగే రోజులవి. పెట్టెలాంటి కుర్చీకి రెండు పక్కలా రెండు పొడవాటి కర్రలు దూర్చి, ముందొకడు వెనకొకడు మోసేవాళ్ళు. పాట్ వెస్ట్‌మినిస్టర్ నుంచి ఇద్దరు బోయీలను పిలిపించాడు, మోత కర్రలు వెంట తెమ్మన్నాడు. వాళ్ళు వచ్చేదాకా ఆ జనవరి చలిలో రాతి బాట మీదే ఓపిగ్గా పడి ఉన్నాడు. అలా పడుకునే ఒక తలుపు కొన్నాడు. ఆ తలుపుకు కర్రలు రెండూ మేకులతో బిగించమన్నాడు. అంతా సిద్ధమయ్యాక తనను దాని మీదకు చేర్పించుకుని, సదర్క్ వీధుల గుండా, అప్పటికి ఇంకా ఇళ్ళ వరసలు నిలిచి ఉన్న లండన్ వంతెన మీదుగా, సెయింట్ పాల్ చర్చి దగ్గర వాట్లింగ్ వీధిలో ఉన్న తన ఇంటికి చేరాడు. మైలుకు పైగా దూరం.

ఈ ఏర్పాటును కాస్త దగ్గరగా చూడాలి. గుర్రపు బగ్గీ తెప్పించుకునే స్తోమత ఆయనకు లేక కాదు. బగ్గీ ఎక్కాలంటే విరిగిన కాలును మెట్టు మీదుగా ఎత్తి, ఇరుకు తలుపులోంచి తిప్పి, సీటు మీద వంచి పెట్టాలి. దిగేటప్పుడు ఇదంతా మళ్ళీ తిరగబడి జరగాలి. మధ్యలో రాళ్ళ బాట మీద చక్రాల కుదుపు. ప్రతి కుదుపుకూ విరిగిన ఎముక కొసలు కండను కోస్తాయి. బగ్గీలో తీసుకెళ్ళడం వల్ల ఇలాంటి దెబ్బలు తరచు ప్రాణం మీదకు వస్తున్నాయని ఎర్ల్ ప్రత్యేకంగా రాశాడు. బగ్గీ వద్దంటే, కుర్చీ పల్లకిలో కాలు వేలాడుతుంది. ఇక దుప్పటి పట్టుకుని మోద్దామంటే అది నడిమికి కుంగుతుంది. మన అల్లూరి సీతారామరాజు జిల్లా కొండ గూడేల నుంచి రోడ్డు లేక మనుషుల్ని డోలీ కట్టి దించుతున్న ఫొటోలు చూసినప్పుడల్లా నాకు ఈ సంగతే తడుతుంది. మోసేవాళ్ళ శ్రమకు చేతులెత్తి మొక్కాలి, కానీ డోలీ బట్ట కుంగినప్పుడు విరిగిన కాలు కూడా దానితోపాటు వంగుతుంది. తలుపు వంగదు. మనిషి పొడవుకు సరిపోతుంది. ఎక్కడైనా దొరుకుతుంది. మేకు దిగే చెక్క. పైగా ఒకసారి దాని మీదకు చేర్చాక ఇంటి మంచం దాకా మళ్ళీ కాలు ముట్టుకునే పని లేదు. నేటి అంబులెన్సుల్లో వాడే గట్టి బల్ల స్ట్రెచర్‌లో ఉన్న గుణాలన్నీ అందులో ఉన్నాయి. మోయడానికి వృత్తిగా మోసేవాళ్ళనే పిలిపించడం ఇంకో తెలివి. ఇద్దరూ అడుగు కలిపి నడవడం రోజూ చేసే పని వాళ్ళకు. దారిన పోయే నలుగురు తలా ఒక మూల పట్టుకుంటే ఆ నిలకడ రాదు.

ఇంటికి చేరాక సర్జన్లు కూడి చూశారు. కాలు తీసెయ్యక తప్పదన్నారు. వాళ్ళను తప్పుపట్టలేం. మత్తుమందు రావడానికి ఇంకా తొంభై ఏళ్ళుంది. గ్లాస్గోలో జోసెఫ్ లిస్టర్ ఒక కుర్రవాడి కాలికి ఇలాంటి దెబ్బకే కార్బాలిక్ ఆమ్లంతో కట్టు కట్టి చీము పట్టకుండా చూసింది 1865లో. 1756లో ఎముక బయటికి వచ్చిందంటే చీము, జ్వరం, కాలు కుళ్ళడం, చావు అనే వరస అందరూ ఎరిగినదే. దానికంటే ముందే కాలు తీసెయ్యడం నయమని వాళ్ళ లెక్క. పాట్ ఏమన్నాడు? తన విషయంలో తాను సరైన తీర్పరి కాలేనని నమ్మి, వాళ్ళ మాటకు తలవంచాడు. వీధిలో ఎవరినీ చెయ్యి వెయ్యనివ్వని మనిషి ఇక్కడ నిర్ణయం పూర్తిగా ఇతరుల చేతుల్లో పెట్టాడు. మోసే పద్ధతి తనకు బాగా తెలుసు కాబట్టి అక్కడ పట్టుబట్టాడు. నొప్పిలో ఉన్నవాడి తీర్పు ఎంత చెడిపోతుందో కూడా తెలుసు కాబట్టి ఇక్కడ తగ్గాడు. నాకు ఆ తలుపు కంటే ఈ తగ్గడం గొప్పదనిపిస్తుంది.

కత్తులు, రంపం సిద్ధం చేశారు. అప్పుడు గదిలోకి వచ్చాడు ఎడ్వర్డ్ నోర్స్. పాట్ కుర్రతనంలో పని నేర్చుకున్నది ఈయన దగ్గరే. గురువుగారి శరీర నిర్మాణ పాఠాలకు శవాలను కోసి సిద్ధం చేసిపెట్టింది ఆ శిష్యుడే. వేరే పని వల్ల ముందే రాలేకపోయిన నోర్స్ కాలు పరీక్షించి, దక్కించే వీలుందేమో చూద్దామన్నాడు. మిగతావాళ్ళు ఒప్పుకున్నారు. కాలు దక్కింది.

ఎందుకు దక్కిందో పాట్ తర్వాత అప్పుడప్పుడు చెప్పేవాడట. ఎముక విరిగిన చోటు ఒకటి, అది చర్మాన్ని చీల్చుకుని బయటికి వచ్చిన చోటు మరొకటి. రెంటికీ మధ్య కొంత దూరం ఉంది. ఎముకను లోపలికి నెట్టి సర్దేసరికి ఆ దారి ఏటవాలుగా మూసుకుపోయి, కవాటంలా పనిచేసింది. విరిగిన చోటుకు గాలి సోకలేదు. చెడు చేసేది గాలి కాదని, అందులోనూ మురికిలోనూ ఉండే సూక్ష్మజీవులని మనకు తెలుసు. వివరణ పాతబడింది గాని, చూసినది మాత్రం నిక్కచ్చిగా చూశాడు. బయటి గాయం చిన్నదై, విరిగిన ఎముక దానికి ఎదురుగా బట్టబయలు కాకుండా ఉంటే కాలు బాగుపడే అవకాశం ఎక్కువని నేటి ఎముకల వైద్యులూ ఒప్పుకుంటారు. ఇక్కడ ఆ తలుపు మళ్ళీ లెక్కలోకి వస్తుంది. దారిలో కుదుపులు తగిలి ఉంటే ఆ సన్నని ఏటవాలు దారి కాస్తా పెద్ద చీలికై పోయేదే.

మంచం మీద ఉన్న రోజుల్లో ఆయన గిలక జారడం గురించి, అంటే హెర్నియా గురించి, ఒక గ్రంథం ఆలోచించాడు. అదే ఏడు అచ్చయింది. అంతకుముందు పెద్దగా రాయని మనిషి ఆ తర్వాత రాయడం మానలేదు.

విరిగిన ఎముకల మీద, కీళ్ళు తొలగడం మీద పుస్తకం 1768లో వచ్చింది. శస్త్రవైద్యంలో ఎముకలు కట్టడమంత సులువైన పని లేదని ప్రతివాడూ అనుకుంటాడని, అందుకే ఇన్ని కాళ్ళు వంకరపోతున్నాయని మొదట్లోనే విసుక్కుంటాడు. అంతకు ముప్పై ఏళ్ళ కిందట ఎప్సమ్‌లో ఎముకలు కట్టి ఊరూవాడా పేరు తెచ్చుకున్న సారా మ్యాప్ అనే ఆవిడ మీద ఆయన వాడిన మాటలు మాత్రం ఆయన స్థాయికి తగవు. చదువు లేని చేతుల్లోనూ నేర్పు ఉంటుంది. పుత్తూరు కట్టు పేరు విన్న మనకు అది ఒకరు చెప్పాలా?

పుస్తకానికి గుండెకాయ ఒకే ఒక్క గమనింపు. విరిగిన ఎముకను పక్కకు లాగుతున్నది ఎముక కాదు, కండ. అంతకుముందు సర్జన్లు కాలును చాపి ఉంచి, ఇద్దరు మనుషులు ఇటూ అటూ బలంగా లాగుతుంటే ఎముకలు కలిపేవాళ్ళు. ఎంత లాగితే కండ అంత బిగుసుకునేది. పాట్ మోకాలు మడిచి ఉంచమన్నాడు. ఇందులో కిటుకు ఎవరైనా తమ కాలి మీదే చూసుకోవచ్చు. కాలు చాపి కూర్చుని పాదం వేళ్ళను ముఖం వైపు లాగండి, పిక్క తాడులా బిగుస్తుంది. మోకాలు మడిచి అదే పని చెయ్యండి, పిక్క మెత్తగానే ఉంటుంది. పిక్కలోని పెద్ద కండరం మోకాలికి పైన మొదలై మడమలో ముగుస్తుంది కాబట్టి మోకాలు మడిస్తే అది వదులవుతుంది. చీలమండకు రెండు మూడు అంగుళాల పైన సన్న ఎముక ఫిబులా విరిగి, పాదం బయటి వైపుకు తిరిగిపోయే దెబ్బలో ఎంత లాగినా నిలవని పాదం, మోకాలు మడిచేసరికి చేతికి లొంగి వస్తుందని ఆయన వివరించాడు. ఆ దెబ్బకే ఆయన పేరు పెట్టారు. ఆయనకు తగిలింది కూడా అదేనని చాలామంది అనుకుంటారు గాని, ఎర్ల్ చెప్పిన దెబ్బ అది కాదు.

వాపు తగ్గేదాకా ఆగుదామనే అలవాటునూ ఆయన ఒప్పుకోలేదు. కొసలు తప్పుగా ఉన్నంతసేపూ అవే వాపు పెంచుతాయి కాబట్టి వెంటనే సర్దమన్నాడు. ఇక కట్టు దగ్గర ఆయన చూపిన శ్రద్ధ చూడండి. గుండ్రంగా చుట్టే కట్టులో ప్రతి చుట్టూ కాలి కిందనుంచి పోవాలి, అంటే ప్రతిసారీ కాలు ఎత్తాలి. దాని బదులు పద్దెనిమిది తోకల కట్టు వాడమన్నాడు. గుడ్డ పీలికలను ఒకదాని అంచు మీదకు ఇంకొకటి వచ్చేలా పరిచి, నడుమ కలిపి, దాని మీద కాలు ఉంచుతారు. ఇటునుంచి ఒక కొస, అటునుంచి ఒక కొస మడుస్తూ పైకి వస్తారు. గాయం చూడాలంటే కొసలు విప్పితే చాలు, కాలు పడుకున్న చోటే ఉంటుంది. బద్దల విషయమూ అంతే. విరిగిన చోట గట్టిగా నొక్కే పొట్టి బద్దలు దండగన్నాడు. కాలు విరిగితే బద్ద మోకాలి పైనుంచి చీలమండ కిందిదాకా రావాలి, రెండు చాలు, అవి విరిగిన చోటును నొక్కకూడదు, మొత్తం కాలును నిలకడగా పట్టుకోవాలి. విరిగిన చోటుకు పైకీలూ కిందికీలూ రెండూ కదలకూడదని నేటికీ ప్రథమ చికిత్సలో నేర్పేది ఇదే.

అన్నీ నిలబడలేదు. రోగిని ఒక పక్కకు తిప్పి, మోకాలు మడిచి పడుకోబెట్టాలని ఆయన పట్టు. వారాల తరబడి ఎవరుంటారు అలా? నిద్రలో మనిషి వెల్లకిలా తిరుగుతాడు, నడుము తిరిగినా పాదం తిరగదు, ఎముక మెలిపడి అతుకుతుంది. తొడ ఎముకకు చాపి కట్టే పద్ధతే మేలని ఫ్రాన్స్‌లో సర్జన్ దెసో పట్టుబట్టాడు. తర్వాతి శతాబ్దంలో హ్యూ ఓవెన్ థామస్ చేసిన చాపు బద్ద మొదటి ప్రపంచ యుద్ధంలో తొడలు విరిగిన సైనికులెందరినో బతికించింది. కండ గురించి పాట్ చెప్పింది నిజం, దాన్ని లొంగదీయడానికి ఆయన చూపిన దారి మాత్రం అన్ని చోట్లా సరిపడలేదు.

దక్కిన కాలుతో ఆయన 1787 దాకా ఆసుపత్రిలో పనిచేశాడు. తన కాలు అలా దక్కిన మనిషి కాళ్ళు తియ్యడానికి వ్యతిరేకి అయ్యుంటాడని అనుకుంటాం. ప్రష్యా సైన్యపు సర్జన్ బిల్గర్ 1761లో ఆ వాదమే చేశాడు, అవయవాలు తీసెయ్యాల్సిన అవసరం దాదాపు ఎప్పుడూ రాదని. దానికి జవాబుగా 1779లో పాట్ రాసిన వ్యాసం కాలు తీసెయ్యడం తప్పనిసరి అయ్యే సందర్భాలను వివరిస్తుంది. ఎముక చర్మం చీల్చుకు వచ్చిన దెబ్బల్లో ఆ నిర్ణయం తీసుకోవాల్సిన సమయాలు మూడని చెప్పాడు: దెబ్బ తగిలిన వెంటనే, కొన్ని రోజుల తర్వాత కాలు కుళ్ళు పట్టినప్పుడు, చివరికి ఎముక అతకక చీము కారి మనిషి కృశించిపోతున్నప్పుడు. ఒక్కో సమయానికి ఏమేం చూడాలో విడివిడిగా రాశాడు. గదిలో రంపం సిద్ధంగా ఉన్న ఆ పూట తనకు కలిసొచ్చినదాన్ని ఇంకొకరి కాలికి నియమంగా మార్చలేదు.