వెబ్ రూపకర్తకు ఆన్‌లైన్ ఉపకరణాలు: తెలుగు పేజీ దగ్గర ఒక పరీక్ష

వెబ్ డిజైన్ నేర్చుకునేవారికి పనికివచ్చే ఆన్‌లైన్ ఉపకరణాల జాబితాలు మీకు ఎక్కడైనా దొరుకుతాయి. ఇరవై, యాభై, వంద అంటూ అంకె పెరుగుతుంది. ఆ ఉపకరణం ఏ లిపిని దృష్టిలో పెట్టుకొని తయారైంది అన్న ప్రశ్న మాత్రం వాటిలో ఎక్కడా ఉండదు. అందుచేత ఈ పాఠ్యభాగంలో మరో జాబితా ఇవ్వడం లేదు. సాహిత్య విమర్శలో ఒక రచనను ఏ ప్రమాణంతో చదువుతున్నామో ముందుగా చెప్పుకుంటాం కదా, ఇక్కడా అదే పద్ధతి. తెలుగు మాత్రమే చదవగలిగిన మనిషి, తక్కువ ధర ఫోను పట్టుకొని, ఎండలో నిలబడి ఆ పేజీని చదవగలగాలి. ఇదే నా ప్రమాణం.

ఈ ప్రమాణానికి ఒక పని జోడిద్దాం. మీరు రంగారెడ్డి జిల్లా శంకర్‌పల్లి మండలంలోని మోకిలలో ఉంటున్నారనుకోండి. ఊరి పేరుతో వెతికితే ఎదురయ్యే పేజీల్లో ఎక్కువ భాగం విల్లాలవి, ప్లాట్లవి. దాదాపు అన్నీ ఇంగ్లీషులోనే. 2023 ఆగస్టులో హెచ్‌ఎండీఏ ఇక్కడి ప్లాట్లను ఆన్‌లైన్ వేలంలో అమ్మింది. ఊరి నేల వెబ్‌లోకి ఎప్పుడో ఎక్కింది, ఊరివాళ్ల మాట ఇంకా ఎక్కలేదు. చేవెళ్ల, మొయినాబాద్, శంకర్‌పల్లి ప్రాంతం కూరగాయలకూ పూలకూ పేరుపడ్డది. అక్కడి నలుగురు రైతులు కలిసి, ఈరోజు తమ దగ్గర ఏమున్నాయో, ధర ఎంతో చెప్పే ఒక తెలుగు పేజీ చేసిపెట్టమని మిమ్మల్ని అడిగారనుకుందాం. టమాట, కొత్తిమీర, పాలకూర, చామంతి, ఒక ఫోను నంబరు, తోటకు దారి. అంతే. ఈ చిన్న పేజీ ముందు పేరుమోసిన ఉపకరణాలు ఎలా నిలబడతాయో చూద్దాం.

అక్షరం పేజీలోకి ఎక్కే దారి

రైతులు తమ కరపత్రాన్ని ఇదివరకే డీటీపీ సెంటర్లో అచ్చువేయించి ఉంటారు. ఆ ఫైలునే మీకు ఇస్తారు. దానిని వెబ్ పేజీలో అతికిస్తే తెలుగు మాయమై, అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ వరుసకడతాయి. దీనికి కారణం తెలుసుకోవాలి. అచ్చుపనిలో దశాబ్దాలుగా వాడుకలో ఉన్న అను వంటి పాత ఫాంట్లలో, ఇంగ్లీషు అక్షరాలకు కేటాయించిన సంకేతాల మీదనే తెలుగు అక్షరాల బొమ్మలు కూర్చోబెట్టారు. ఫాంటు తీసేస్తే బొమ్మ పోతుంది, అడుగున ఉన్న సంకేతం బయటపడుతుంది. 2000 తొలి సంవత్సరాల్లో మన పత్రికల సైట్లు కూడా ఇలాగే నడిచాయి. ఒక్కో పత్రికకు ఒక్కో ఫాంటు కావలసి వచ్చేది. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌కు పద్మ అనే పొడిగింపు వచ్చి, ఆ పాఠాలను యూనికోడ్‌లోకి మార్చి చూపించింది. ఆడంబరం లేని పనిముట్టు అది. అప్పటి తెలుగు పాఠకుడికి చేసిన మేలు మాత్రం ఎంతో పెద్దది.

ఇప్పుడు పాత ఫాంట్లనుంచి యూనికోడ్‌కు మార్చే ఉచిత సైట్లు చాలా ఉన్నాయి. వాడండి, కాని నమ్మి వదిలేయకండి. ఒత్తులు, ముఖ్యంగా రెండు ఒత్తులు కలిసే చోట్లు, మార్పిడిలో తరచు చెడిపోతాయి. అంకెలను అచ్చుకాపీతో పోల్చి చూడకుండా ధరల పట్టికను పైకి ఎక్కించవద్దు. నాలుగు వాక్యాల పేజీ అయితే లేఖినిలోనో ఫోను కీబోర్డులోనో తిరిగి టైపుచేయడమే త్వరగా అవుతుంది.

యూనికోడ్‌లో తెలుగుకు 128 స్థానాల గది ఉంది. మనం చూసే అక్షరమూ, యంత్రం లెక్కించే అక్షరమూ ఒకటి కావు. ‘అమ్మ’ అన్న మాటలో మనకు రెండు అక్షరాలు కనిపిస్తాయి. యంత్రానికి అ, మ, పొల్లు, మ అని నాలుగు. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కోదానికి మూడు బైట్ల చొప్పున 12 బైట్లు. పేరు రాసే పెట్టెకు 20 అక్షరాల హద్దు పెట్టిన టెంప్లేటు ఇంగ్లీషు పేరుకు సరిపోయి, తెలుగు పేరును మధ్యలో ఎందుకు నరికేస్తుందో ఈ లెక్క చెబుతుంది.

మీ మండలం పేరునే తీసుకోండి. ‘శంకర్‌పల్లి’ అని సరిగా కనిపించాలంటే రకారపు పొల్లు తరువాత, కంటికి కనిపించని ఒక సంకేతం ఉండాలి. దాని పని రెండు హల్లులను కలవకుండా ఆపడం. అది లేకపోతే ‘శంకర్పల్లి’ అవుతుంది. కంటికి కొద్దిగా తేడా, అంతే. కాని కొన్ని వెతుకులాట పెట్టెలకు ఇవి రెండు వేరువేరు ఊళ్లు. పేజీ మొత్తంలో ఒకే రూపం వాడారో లేదో చూసుకోండి. ఇలాంటి సంకేతాలు చిన్నవని తీసిపారేయవద్దు. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అన్న అక్షరం, మధ్యలో ఈ కనిపించని సంకేతం ఉన్న రూపంలో, ఐఫోన్లలోని యాప్‌లను కుప్పకూల్చింది. ఆపిల్ సంస్థ అదే నెలలో ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి సరిదిద్దింది. ప్రపంచ పత్రికలు దాన్ని ఒక వింతగా రాశాయి. నాకు మాత్రం అందులో వింత కన్న ఎక్కువ కనిపించింది: జ్ఞానం, విజ్ఞానం వంటి మాటల్లో రోజూ రాసుకునే అక్షరాన్ని అన్ని రూపాల్లోనూ పరీక్షించకుండానే ఒక యంత్రం కోట్ల చేతుల్లోకి వెళ్లగలదు.

ఫాంట్ల కొలువు

2010లో మొదలైన గూగుల్ ఫాంట్స్ వెబ్ రూపకర్తకు దొరికిన గొప్ప ఉచిత భాండాగారం. తెలుగు విభాగంలో సిలికానాంధ్ర చొరవతో వచ్చిన ఫాంట్లు చాలా ఉన్నాయి: పెద్దన, తిమ్మన, ధూర్జటి, తెనాలి రామకృష్ణ, రామభద్ర, గిడుగు, గురజాడ, సురవరం, మండలి. రాయల కొలువంతా మీ ఫోనులోకి దిగివచ్చినట్టుంటుంది. పేర్లు చూసి సంతోషించవచ్చు గాని, పేరు ఉపయోగాన్ని చెప్పదు. రామభద్ర దట్టమైన శీర్షికల ఫాంటు. ‘తాజా కూరగాయలు’ అని పెద్దగా రాస్తే నిండుగా ఉంటుంది. దానితోనే చిన్న పరిమాణంలో పేరా రాస్తే అక్షరాల లోపలి ఖాళీలు పూడిపోతాయి, ‘ప’కూ ‘ష’కూ తేడా తెలియదు. శీర్షికలకు, పోస్టర్లకు పనికివచ్చేవి మనకు చాలా ఉన్నాయి. రోజువారీ పేరాకు కుదురుగా పనిచేసేవి తక్కువ. ఈ లోటును జాబితాలు రాసేవారు పట్టించుకోరు.

పేరాకోసం నేను నోటో సాన్స్ తెలుగు, మండలి, అనెక్ తెలుగు సూచిస్తాను. ముంబయికి చెందిన ఏక్ టైప్ చేసిన అనెక్‌లో అక్షరాల మందాన్నీ వెడల్పునూ మార్చుకోవచ్చు. ఇరుకైన ధరల పట్టికకు అది వరం. టీరో తెలుగు మరో కోవది. హార్వర్డ్ విశ్వవిద్యాలయ ముద్రణాలయం మూర్తి క్లాసికల్ లైబ్రరీ పుస్తకాలకోసం చేయించిన అక్షరాల నుంచి వచ్చింది. పుస్తకపు పేజీలో ఉండే మర్యాద దానిలో కనిపిస్తుంది. పద్యానికి, పెద్ద వ్యాసానికి దాన్ని మించినది చెప్పలేను. అయితే తెలుగుకు ఒకే మందం. బోల్డ్ కావాలంటే బ్రౌజరు ఉన్న గీతనే మందంగా పులిమి చూపిస్తుంది. టమాట ధర పలికే పేజీకి అది నప్పదు.

ఫాంటు చూసేచోట నమూనా వాక్యం ఎప్పుడూ అందంగానే ఉంటుంది. దాన్ని చెరిపి మీ మాటలు టైపుచేయండి. ‘కొత్తిమీర’, ‘లక్ష్మి’, ‘రాష్ట్రం’, ‘స్త్రీలు’ అని రాసి, కింద మరో వరుస చేర్చండి. పై వరుసలోని ఒత్తు కింది వరుసలోని గుడిదీర్ఘానికి తగులుతుందా? ఇంగ్లీషు టెంప్లేట్లలో శీర్షికల వరుసల ఎత్తును 1.2గా పెట్టడం పరిపాటి. తెలుగుకు అది చాలదు, 1.6తో మొదలుపెట్టి ఫాంటును బట్టి సవరించుకోండి. అక్షరాల మధ్య ఎడం పెంచే సూత్రాన్ని తెలుగుకు పూర్తిగా తీసేయండి. అలాగే ఉల్లేఖనాలను వాలు అక్షరాల్లో చూపే అలవాటు మన ముద్రణ సంప్రదాయంలోది కాదు. బ్రౌజరు నిలువు తెలుగును బలవంతంగా పక్కకు వంచుతుంది, గాలికి ఒరిగిన పందిరిలా.

ఈ ఫాంట్లలో అత్యధికం ఎస్‌ఐఎల్ ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కింద ఉన్నాయి. అందుచేత రైతుల పేజీలో రుసుము లేకుండా వాడవచ్చు. డీటీపీ సెంటర్ నుంచి తెచ్చిన ఫాంటు ఫైలుకు ఆ స్వేచ్ఛ ఉందనుకోవద్దు.

తప్పులు పట్టేవారు

డబ్ల్యూ3సీ వారి వాలిడేటర్, ఉటా స్టేట్ విశ్వవిద్యాలయానికి చెందిన వెబ్‌ఎయిమ్ వారి వేవ్, రెండూ ఉచితం, రెండూ నిజాయితీగా పనిచేస్తాయి. పేజీ భాష ఏమిటో ప్రకటించడం మరచిపోతే మొదటిది హెచ్చరిస్తుంది. ఆ ప్రకటన లేకపోతే, చూపులేనివారికి తెర చదివి వినిపించే ఎన్‌వీడీఏ వంటి సాఫ్ట్‌వేర్ తెలుగు గొంతును ఎంచుకోలేక తడబడవచ్చు. రంగుల తేడాను కొలిచే పనిలో వేవ్ చాలా అక్కర. మామూలు అక్షరాలకు కనీసం 4.5:1, పెద్ద అక్షరాలకు 3:1 ఉండాలని అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతాయి.

నా అభ్యంతరం ఇక్కడే. ‘పెద్ద అక్షరం’ అంటే 18 పాయింట్లు, బోల్డ్ అయితే 14 అన్న కొలత లాటిన్ లిపి కంటితో నిర్ణయించింది. చైనా, జపాన్, కొరియా లిపులకు సమానమైన పరిమాణం చూసుకోమని ఆ మార్గదర్శకాలే అంటాయి. తెలుగు ప్రసక్తి లేదు. ‘క్ష్మి’ని 14 పాయింట్ల బోల్డ్‌లో లేత రంగుతో రాసినా ఉపకరణం పచ్చజెండా ఊపవచ్చు. ఎండలో నిలబడ్డ రైతు మాత్రం కళ్లు చికిలిస్తాడు. కనుక తెలుగులో ఏ పరిమాణానికైనా 4.5ను కనీసంగా పెట్టుకోండి. వీలైతే తెల్లని నేల మీద నల్లని అక్షరాలతో సరిపెట్టండి.

బ్రౌజరులోనే ఉన్న డెవలపర్ టూల్స్‌ను జాబితాలు చివర్లో పేర్కొంటాయి, నేను మొదట పెడతాను. అందులో చిన్న ఫోను తెరనూ, నెమ్మది నెట్‌వర్క్‌నూ అనుకరించి చూడవచ్చు. సంయుక్తాక్షరాల బొమ్మలన్నీ మోయాలి కాబట్టి తెలుగు ఫాంటు ఫైలు సాధారణంగా బరువుగా ఉంటుంది. మూడు ఫాంట్లు పెట్టిన పేజీ ఆ పరీక్షలో ఎంతసేపు ఖాళీగా ఉంటుందో మీరే చూస్తారు. ఒకటి చాలు.

నేర్చుకోవడానికి ఎమ్‌డీఎన్‌ను మించిన ఆధారం లేదు, అయితే అది తెలుగులో లేదు. డబ్ల్యూ3స్కూల్స్ తొలి మెట్టుకు సులువు. పేరు పోలిక ఉన్నా దానికీ డబ్ల్యూ3సీకీ సంబంధం లేదు. పేజీని ఉచితంగా ఉంచడానికి గిట్‌హబ్ పేజెస్ సరిపోతుంది. రెడీమేడ్ టెంప్లేట్లు, బొమ్మలు గీసే సైట్లు గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. ఒక్క జాగ్రత్త: ‘కొత్తిమీర కట్ట 10 రూపాయలు’ అన్న వాక్యాన్ని బొమ్మగా మార్చి పెట్టవద్దు. బొమ్మలోని ధరను వెతుకులాట యంత్రం వెతకలేదు, తెర చదివే సాఫ్ట్‌వేర్ పలకలేదు, రేపు ధర మారితే బొమ్మ మళ్లీ గీయాలి. ఇంగ్లీషు పేజీ తయారుచేసి యంత్రానువాదపు మీట తగిలించడం కూడా తెలుగు పేజీ అనిపించుకోదు. ‘కట్ట’ ఏమవుతుందో ‘తట్ట’ ఏమవుతుందో చెప్పలేం.

అభ్యాసం: మీ ఊరిలోని ఒక చిన్న వ్యాపారానికో బృందానికో ఒక పేజీ తెలుగు పేజీ తయారుచేయండి. వాలిడేటర్, వేవ్ చూపిన తప్పులను సవరించండి. తరువాత ఆ పేజీని కంప్యూటర్ తెలియని ఇద్దరు పెద్దవారికి వారి సొంత ఫోనులో, పగటి వెలుతురులో ఇచ్చి, గట్టిగా చదవమనండి. వారు ఏ మాట దగ్గర ఆగారో, ఏ ఒత్తు దగ్గర ఫోనును కంటికి దగ్గరగా పట్టుకున్నారో రాసుకోండి. ఉపకరణాలు చూపిన తప్పులు ఒకవైపు, ఈ ఇద్దరు ఆగిన చోట్లు మరోవైపు రాసి, రెండో వరుసలో మాత్రమే ఉన్నవాటికి కారణాలను మూడు పుటలకు మించకుండా వివరించండి.