‘చెత్త’ డి.ఎన్.ఏ. - 80 శాతం మాట నిజమేనా?

మన డి.ఎన్.ఏ.లో ప్రోటీనులకు సంకేతాలిచ్చే భాగం 2 శాతం లోపే. మిగతాదాంట్లో చాలా భాగం ‘చెత్త’ అని 1972లో సుసుము ఓనో అన్నాడు. 2012 సెప్టెంబరులో ఎన్‌కోడ్ బృందం, మానవ జీనోములో 80 శాతం పనిచేస్తుందని ప్రకటించగానే పత్రికలు చెత్తకు చరమగీతం పాడేశాయి. ఆ ‘పని’ ఏమిటో మీరు కాస్త నిలదీసి చూడండి.

ఎన్‌కోడ్ లెక్క ప్రకారం ఒక భాగం ఆర్.ఎన్.ఏ.గా నకలైనా, దానికి ఏదో ప్రోటీను అంటుకున్నా చాలు, పనిచేస్తున్నట్టే! తెలుగు చేయబోతే ఇక్కడే కలం ఆగుతుంది. ఇది చర్యే గాని, ప్రయోజనం అనగలమా?

ఉల్లిపాయ సంగతి చూడండి. మన జీనోములో సుమారు 310 కోట్ల క్షార జంటలుంటే, ఉల్లిలో దాదాపు 1600 కోట్లు. జపానువారు ఇష్టంగా తినే ఫుగు చేపకు 40 కోట్లతోనే గడిచిపోతోంది. డి.ఎన్.ఏ. అంతా అవసరమే అయితే ఉల్లికి మనకంటే ఐదింతలు ఎందుకు? కెనడా శాస్త్రజ్ఞుడు రయన్ గ్రెగరీ 2007లోనే వేసిన ప్రశ్న ఇది. 80 శాతం లెక్కలో దీనికి సమాధానం లేదు.

అలాగని ప్రోటీను చేయనిదంతా చెత్త అనుకోకండి. పరిణామక్రమం మార్పుల నుంచి కాపాడుకుంటూ వచ్చిన భాగం సుమారు 8.2 శాతమని 2014లో ఆక్స్‌ఫర్డ్ శాస్త్రజ్ఞులు అంచనా కట్టారు. అంటే ప్రోటీనులకు సంకేతాలివ్వకుండానే పనికొచ్చేది, ఇచ్చేదానికి కొన్ని రెట్లు ఉందన్నమాట. పాలనే తీసుకోండి. పాలలోని చక్కెరను అరిగించే లాక్టేజు జన్యువు చాలామందిలో బాల్యం దాటాక మందగిస్తుంది. యూరపులోనూ, మన దేశంలోనూ కొందరిలో మందగించదు. కారణం ఆ జన్యువులో లేదు. సుమారు 14,000 క్షారాల దూరాన, పక్క జన్యువులోని సంకేతాలివ్వని భాగంలో, ఒకే ఒక్క అక్షరం మారింది.