పొలుసుల లెక్క

సముద్ర నక్షత్రాల చేతుల కింది గాడుల్లో, నత్తల చిప్పల కింద కాపురముండే పొలుసుల పురుగులకు పేరు పెట్టడం ఆషామాషీ పని కాదు. చాలా పురుగులు చోటిచ్చిన జీవి రంగులోనే కలిసిపోతాయి. పైరూపం నమ్మితే బోల్తా పడ్డట్టే. అందుకే నిపుణులు ఒక్క కాలిని కోసి, గాజుపలక మీద పరచి, దాని మీది ముళ్ల మొన ఒంటిదా, చీలినదా అని మైక్రోస్కోపులో చూస్తారు. వీపుమీది పొలుసులు ఏయే ఖండాల మీదున్నాయో లెక్క రాస్తారు. ముట్టుకుంటే పొలుసులు రాల్చేసుకునే ప్రాణులవి. రాలినచోట మిగిలిన బొడిపెల్ని బట్టయినా లెక్క తేల్చాలి. స్మిత్సోనియన్ మ్యూజియంలో మేరియన్ పెటిబోన్ ఏళ్ల తరబడి చేసింది ఈ పనే. ఏ పురుగు ఏ జీవి మీద దొరికిందో చీటీలో రాయకపోతే సగం విషయం పోయినట్టే. అమెరికా పడమటి తీరంలో ఆర్క్టోనోయీ విట్టాటా అనే పురుగు, తనకు నీడనిచ్చిన నత్త మీదికొచ్చే సముద్ర నక్షత్రాన్ని కొరికి తరుముతుంది. ఆ కాపలాదారు ఎవరో పేరు పెట్టి చెప్పగలుగుతున్నామంటే ఈ ఓపిక చలవే.