వ్యాపార నిర్ణయమున పరిశోధన స్థానము
(తళవాయిపురపు కుట్టుపరిశ్రమ దృష్టాంతముగా)

పరిశోధన యనగానే మనవారికి రెండు రూపములు తోచును. తాళపత్రములు తిరుగవేయు పండితుడొకడు. లక్షలు వెచ్చించి పెద్ద కంపెనీలు వ్రాయించుకొను నివేదిక మరియొకటి. ఈ రెంటితోను తనకు పనిలేదని చిన్న వర్తకుడు తలంచును. ఆ తలంపు సరికాదని నా మనవి. పెద్ద కంపెనీల నివేదికలలోను ఆ పేరునకు తగనివి పెక్కు కలవు. నిర్ణయము ముందే చేసికొని, దానికి ఆభరణముగా అంకెలు కూర్పించుకొనుట పరిశోధన కాదు. ఫలితము ప్రతికూలమైనచో తన నిర్ణయమును మార్చుకొనుటకు సిద్ధపడినవాడే పరిశోధన చేసినవాడు.

రాజపాళయమునకు చేరువనున్న తళవాయిపురము నైటీలకు, లోపలి పావడాలకు పేరుపడిన యూరు. దళవాయి యనగా మధుర నాయకరాజుల నాటి సేనాపతి. ఆ పదవి పేరు మోయుచున్న యూర నేడు వినవచ్చునది కుట్టుయంత్రముల చప్పుడు. ఇట్టి పరిశ్రమలో యజమాని చేయు నిర్ణయములు పైకి చిన్నవి: ఏ గుడ్డ కొనవలెను, ఏ కొలతలో ఎన్ని కత్తిరింపవలెను, దీపావళికెంత సరకు నిలువ చేయవలెను. కాని పొరపాటు అతని పెట్టుబడితో ఆగదు. సరకు నిలిచిపోయిన నెలలో, ఉరువునకింతయని కూలి తీసికొను స్త్రీకి పని తగ్గును.

గుడ్డ మాటయే చూతము. నూలుగుడ్డ నీట తడిసిన ముడుచుకొనునని అందరెరుగుదురు. ఎంత ముడుచుకొనునో కొలిచినవారు కొందరే. తానులోనుండి ఒక ముక్క తీసి, నిలువున 50, అడ్డమున 50 సెంటీమీటర్లు చెరగని సిరాతో గుర్తుపెట్టి, ఇంట బట్టలుతుకు రీతినే ఉతికి, ఆరవేసి మరల కొలువవలెను. నిలువు 48 అయినచో నూటికి 4 వంతులు తగ్గినది. అనగా 54 అంగుళముల నైటీ రెండంగుళములకు పైగా పొట్టియగును. రెండు మూడు తానులను ఇట్లు పరీక్షించినచో నమ్మదగిన అంకె దొరకును. ఖర్చు ఒక గుడ్డముక్క, ఒక దినము. ఆ అంకె చేతనున్నవాడు ధర తగ్గించి అడుగవచ్చును, పొడవు విడిచి కత్తిరింపవచ్చును, లేదా గుడ్డను తిప్పి పంపవచ్చును. అంకె లేనివాడు అమ్మినవాని మాటను నమ్మవలసినదే.

ఇది మన ప్రాంతమునకు క్రొత్త విద్య కాదు. పి. ఎ. సి. రామసామి రాజా 1936లో స్థాపించిన రాజపాళయం మిల్లు మొదలుగా నూలు వడకుట ఇచ్చటి జీవనాధారములలో ఒకటి. నూలుమిల్లులలో దూది పోగు పొడవును, సన్నదనమును, బలమును కొలిచియే ఏ బేలును దేనితో కలుపవలెనో నిశ్చయింతురు. సిట్రా యను పేర ప్రసిద్ధమైన దక్షిణ భారత వస్త్ర పరిశోధన సంఘము 1956లో కోయంబత్తూరున వెలసినది ఇట్టి పనులకే. మిల్లులో అన్ని పరీక్షలకు లోబడిన నూలు, గుడ్డయై కుట్టుశాల చేరగానే కంటిచూపునకు మాత్రమే వదలబడుట వింత.

అంగళ్ళనుండి తిరిగివచ్చు సరకు మరియొక పాఠము. చిట్టాలో ఎక్కునది సంఖ్యయు, సొమ్మును. ఎందులకు తిరిగివచ్చెనో అది మాటలలో గాలికి పోవును. మన యిండ్లలో మాట తెలుగు, లెక్క తమిళము. కారణము మాత్రము ఏ భాషలోను వ్రాయబడదు.

అయితే తిరిగివచ్చినవానినే లెక్కించినను చాలదు. రెండవ ప్రపంచయుద్ధకాలమున ఆబ్రహాం వాల్డ్ అను గణితజ్ఞుడు ఈ చిక్కునే విప్పెను. యుద్ధవిమానములకు ఎచ్చట కవచము బిగింపవలెనన్నది ప్రశ్న. గుండ్ల దెబ్బలు లెక్కింపబడినది తిరిగివచ్చిన విమానములపైననే. ఏ చోట దెబ్బ తగిలిన విమానము కూలిపోవునో, ఆ చోటి దెబ్బలు తిరిగివచ్చినవానిపై కానరావు. నిర్ణయశాస్త్రమునకు పునాది వేసిన ఈ మహనీయుడు 1950 డిసెంబరులో ఉపన్యాసములకై మన దేశమునకు వచ్చి, నీలగిరులలో విమానము కూలి భార్యతో కూడ మరణించెను. మన కొండలలోనే ముగిసిన ఆ జీవితము మనవారికి అంతగా తెలియకపోవుట విచారకరము. అంగడిలో నైటీని చేతబట్టి, మడత విప్పి చూచి, మారుమాటాడక క్రిందపెట్టి పోయిన స్త్రీ తిరిగిరాని విమానము వంటిది. ఆమె సంగతి మన చిట్టాలో నుండదు. ఒక పూట మధుర అంగడిలో ఊరక నిలువబడి చూచిన యజమానికి తెలియవచ్చును.

సంఖ్య పెద్దదైనంత మాత్రమున ఫలము లేదు. 1985 ఏప్రిలులో కోకాకోలా కంపెనీ సుమారు రెండు లక్షలమందికి రుచి చూపించి తన పానీయమును మార్చెను. ప్రజల ఆగ్రహము చూచి 79 దినములకు పాతదానిని మరల తెచ్చెను. రుచి యెట్లున్నదని అడిగిరి. పాతది ఇక దొరకదన్న యెడల ఏమనుకొందురో తగినంతగా విచారింపలేదు.

ముప్పది యేండ్ల అనుభవముగల వ్రేళ్ళకు గుడ్డ గుణము తెలియునని పెద్దలందురు. నిజమే, ఆ వ్రేళ్ళ తెలివియు పరిశోధనాఫలమే. కాని అది కొడుకునకు ఆస్తితోపాటు సంక్రమింపదు. దీపావళి ముంచుకొనివచ్చుచుండగా పరీక్షలతో కాలము గడుపుటెట్లు అన్న ప్రశ్నయు న్యాయమైనదే. దానికిని వాల్డ్ ఒక మార్గము చూపెను: ఎన్ని చూడవలెనో ముందే బిగించుకొనక, ఒక్కొక్కటిగా చూచుచు, సంగతి తేటపడగానే ఆపుట. మొదటి మూడు తానులును చెడుగా తేలినచో నూరవదానివరకు పోనక్కరలేదు.

ఒక్క లోటు మాత్రము నన్ను బాధించును. ఏ గుడ్డ సూదిక్రింద చిరుగునో, ఏ కుట్టు వీడిపోవునో అందరికంటె ముందెరుగునది యంత్రము ముందు కూర్చున్న స్త్రీ. ఆగి చెప్పినచో ఆమెకు రెండు ఉరువుల కూలి పోవును. ఆ సమయమునకు కూలి కట్టి ఆమెను అడుగు పరిశోధనను నేనింతవరకు చూడలేదు.